కొబ్బరాకు కట్టిన దారి

నేను వస్తుంటే నవ్వులు ఆగిపోయేవి. ఆ వానాకాలం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

చాపలు నేసే ఇంట్లో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని మొగలాకులు చీలుస్తూ విరగబడి నవ్వుతుండేవారు. మా ఇళ్ళకు గోడలుండవు, స్తంభాలే. ఆ నవ్వు సముద్రం ఒడ్డు దాకా వినబడేది. నా అడుగు కంకర మీద పడిందో లేదో, ఎసట్లో చన్నీళ్ళు పోసినట్టు అంతా చప్పబడేది. "రండి డాక్టరమ్మా, కూర్చోండి," అని ఉన్నవాటిలో మంచి చాప పరిచేవారు. కూర్చునేదాన్ని. ఒక్కరూ పెదవి విప్పరు. కాసేపు చూసి నేనే లేచి వచ్చేసేదాన్ని. నాలుగడుగులు వేశానో లేదో వెనక మళ్ళీ నవ్వు మొదలయ్యేది.

చదువుకున్నదాన్ని కదా, గౌరవం అనుకున్నాను. తర్వాత నన్ను పొగరుబోతని అనుకుంటున్నారేమోనని బాధపడ్డాను. రెండూ కావు.

సముద్రం దాటి సువా పట్నంలో వైద్యం చదివి, మా దీవుల రాజధాని ఆపియా పెద్దాసుపత్రిలో ఏళ్ళ తరబడి సూక్ష్మదర్శిని ముందు వీపు వంచి, చివరికి బోదకాలు పరిశోధన పని మీద సవాయి దీవిలో నేను పుట్టిన ఊరు సోలోవైకే వచ్చాను. మావాళ్ళకు ఆ జబ్బు కొత్త కాదు. ముందు గజ్జల్లో బిళ్ళలు కట్టి వణుకుతూ జ్వరమొస్తుంది. వచ్చి పోతుంటుంది. ఏళ్ళు గడిచాక కాలు వాచి మొద్దులా నిలబడిపోతుంది. మగవాళ్ళలో చాలామందికి కాలికంటే ముందు వరిబీజం దిగుతుంది. ఆ మాట నేను గవర్నరు ఎదుటైనా మొహమాటం లేకుండా అనగలను. ఒక్క మా తమ్ముడు వినే చోట తప్ప.

మా తమ్ముడు సౌనోవా. మా ఇంటికి మతాయి, అంటే పెద్దరికం మోసేవాడు. ఊరి సభలో కూడా వాడిదే మొదటి పీట. మా దగ్గర అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక ఒడంబడిక ఉంటుంది. ఇంట్లో మొదటి ముద్ద అక్కది. అక్క నోరు తెరిచి అడిగితే తమ్ముడు కాదనకూడదు, అక్క ఉసురు తగిలితే వంశం నిలవదంటారు. దానికి బదులుగా ఈడొచ్చాక ఇద్దరూ ఒక కప్పు కింద పడుకోరు, ఒక చాప మీద కూర్చోరు, ఒక మాటకు కలిసి నవ్వరు. ఒంటి సంగతులు, మరీ ముఖ్యంగా నడుం కింది సంగతులు, ఇద్దరిలో ఎవరి చెవిన పడేలాగా కూడా రెండోవారి గురించి ఎవరూ పలకకూడదు. పలికినవాడి పళ్ళు రాలగొట్టినా ఊరు తప్పు పట్టదు.

చిన్నప్పుడు ఇదేం లేదు. పగడపు దిబ్బల మీద ఇద్దరం చేపలు పట్టి అక్కడే కాల్చుకు తినేవాళ్ళం. వాడికి ఆబ ఎక్కువ. "ముళ్ళు చూసుకుని తినరా," అని నెత్తిన ఒకటి మొట్టేదాన్ని. "నువ్వు చూసుకోవే ముందు," అని వాడు నా చేప లాక్కునేవాడు. ఒక సాయంత్రం అమ్మ మా చాపలు విడదీసి వాడి చాపను మగపిల్లల ఇంటికి పంపేసింది. ఆనాటి నుంచి నాకు తమ్ముడున్నాడు గానీ తమ్ముడితో మాట లేదు.

ఇప్పుడు వాడు నన్ను ఊళ్ళోకెల్లా అందమైన అతిథి ఇంట్లో ఉంచాడు. యాభైమంది పట్టే ఇల్లు. అందులో నేనూ, నా సూక్ష్మదర్శినీ.

మా దోమ పగటి దోమ. ఎలుకలు కొరికి పడేసిన కొబ్బరికాయల్లో వాననీళ్ళు నిలిస్తే అందులో పుడుతుంది. పొద్దునపూట, మళ్ళీ పొద్దు వాలేముందు, తోటల నీడలో మనిషి కోసం కాచుకుంటుంది. దాన్ని పట్టాలంటే మనిషే ఎర. మోకాలి దాకా కాలు బయటపెట్టి కదలకుండా కూర్చోవాలి. వాలగానే, సూది దించకముందే, గాజుగొట్టం నోట పెట్టుకుని పీల్చి పట్టాలి. ఇంకొకరి కాలు దోమల ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. నా కాలే పెట్టాను.

రెండో రోజు వెళ్ళేసరికి తోట దారికి రెండు వైపులా చెట్లకు పచ్చి కొబ్బరాకులు ముడేసి కట్టి ఉన్నాయి. అటు పోకూడదని గుర్తు.

నాతో ఆపియా నుంచి వచ్చిన సహాయకుడు పెనియామినా. లావుపాటి మనిషి, నోట్లో ఎప్పుడూ ఏదో నములుతుంటాడు. మగవాళ్ళను చాటుకు తీసుకెళ్ళి పరీక్షించే పని అతనిది.

"సౌనోవాగారే కట్టించారమ్మా," అన్నాడు. "మీరు కూర్చునే వేళల్లో మగపురుగు ఈ దారిన కనబడితే పంది జరిమానా అట. కుర్రాళ్ళు హడలిపోతున్నారు."

"మరి వాళ్ళ తోటలకు ఎలా వెళ్తారు?"

"కొండ చుట్టూ తిరిగి."

"మా తమ్ముడు కూడానా?"

"చట్టం పెట్టినాయనే తప్పితే ఎలాగండీ? ఆయన కూడానే." అతను నమలడం ఆపి నేల చూశాడు. "ఆయనకు కాస్త దూరమే."

అక్క మోకాలు పరాయి కళ్ళ పడకుండా తమ్ముడు చేసిన ఏర్పాటు. కాదనను, గొప్ప గౌరవమే. కానీ పొద్దున్నా సాయంత్రం ఆ మూసిన దారి మధ్యలో, చినుకులు ఆకుల మీద పడే చప్పుడు వింటూ, దోమ తప్ప పలకరించేది లేక కూర్చున్నప్పుడు అనిపించేది: గౌరవమంటే మనిషిని అందరికీ అందనంత ఎత్తున పెట్టి మరచిపోవడమా అని.

ఆడవాళ్ళు, పిల్లలు వచ్చి వేళ్ళు చాపి రక్తమిచ్చారు. మాత్రలు మింగారు. మగవాళ్ళు మాత్రం ఒక్కడూ రాలేదు. ఎందుకు రారో అడగక్కర్లేదు. సభలో ఆవా పానీయం కలిపినప్పుడు మొదటి చిప్ప మా తమ్ముడిది. వాడి పెదవి తడవకుండా ఇంకొకడి గొంతు తడవదు. మాత్రకూ అదే వరస. వాడు మింగితే ఊరు మింగుతుంది. వాడు మింగకపోతే నేను ఆ దీవికి వచ్చిన పని గంగలో కలిసినట్టే. మగవాళ్ళ ఒంట్లో పురుగు మిగిలితే దోమ దాన్ని మళ్ళీ పిల్లలకు పంచుతుంది. వచ్చే వానాకాలానికి కథ మొదటికొస్తుంది.

వాడి భార్య వావోసా రోజూ నాకు తిండి పళ్ళెం తెచ్చేది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని ఈగలు వాలకుండా విసనకర్ర విసిరేది. నాతో పాటు తినమంటే తినదు.

"వావోసా, మీ ఆయన మాత్ర ఎప్పుడు వేసుకుంటాడు?"

"చేమదుంప చల్లారిపోతోంది వదినగారూ, తినండి."

"నేనడిగింది దుంప గురించా?"

"చర్చి పైకప్పు పని పెట్టుకున్నారు కదండీ. తీరిక లేదు."

"మాత్ర మింగడానికి తీరికేమిటే? నోరు తెరవడమేగా. నాకు చెప్పు, భయమా?"

విసనకర్ర ఒక్క క్షణం ఆగింది. "మీకు తెలియందేముంది వదినగారూ," అంది.

నాకు తెలియంది లేదనే నేనూ అనుకున్నాను. భయమేనని తేల్చుకున్నాను. అందులో వింత లేదు. ఒంట్లో పురుగున్నవాడికి ఆ మాత్ర పడితే లోపల పురుగులు చస్తూ మనిషిని మంచం పట్టిస్తాయి. జ్వరం, వాపు, మూలుగు. పక్కూళ్ళో ఒక పెద్దమనిషి అలాగే పడ్డాడు. ఆయన మూలుగును కుర్రకారు పాట కట్టి క్రికెట్ మైదానంలో పాడారు. మతాయికి ఆ గతి పడితే ఇక సభలో తలెత్తలేడు. సరే, ముందు రక్తం చూసి, పురుగు లేదని తేలితే భయం తీరుతుంది కదా అనుకున్నాను. పెనియామినా చేత కబురు పెట్టించాను. ఒక్క వేలి చుక్క చాలని. ఏ కళనున్నాడో ఇచ్చాడు.

ఆ గాజుపలకను మూలమూలలా చూశాను. మళ్ళీ చూశాను. రక్తం తేటగా ఉంది. ఒక్క పురుగు లేదు.

ఎంత సంతోషించానంటే, చెప్పులు కూడా వేసుకోలేదు. చినుకుల్లో చాపలు నేసే ఇంటికి పరిగెత్తాను. నవ్వు ఆగిపోయింది. ఆగితే ఆగిందిలే అనుకుని స్తంభం పట్టుకుని రొప్పుతూ అందరూ వినేలా అన్నాను:

"వావోసా! మీ ఆయన రక్తం ముత్యంలా ఉంది! వాడికి ఏ జబ్బూ లేదు. మాత్ర వేసుకుంటే ఏమీ కాదు. డాక్టరు మాట, అక్క మాట. వెళ్ళి చెప్పు!"

 ఒక చిన్నది చేతిలో మొగలాకు నోటికి అడ్డం పెట్టుకుంది. వావోసా మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. చేతిలో ఆకు కింద పెట్టి, లేచి, నా పక్కనుంచే వానలోకి వెళ్ళిపోయింది.

వాళ్ళందరిలోకి పెద్దది సీఉలా ముసలమ్మ. తల ఎత్తకుండానే మెల్లగా అంది: "అమ్మాయీ, వాన పెద్దదయ్యేలా ఉంది. నీ గాజు సామాను తడుస్తుందేమో, ఇంటికెళ్ళి చూసుకో తల్లీ."

వెళ్ళాను. సామానేమీ తడవడం లేదు. పలక ఇంకా సూక్ష్మదర్శిని కింద అలాగే ఉంది. జబ్బు పాతబడితే రక్తం తేటబడుతుంది. పురుగు రక్తంలోంచి మాయమై, చేయాల్సింది లోపల చేసేసి ఉంటుంది. వరిబీజం బాగా పెరిగిన మగవాళ్ళ రక్తం చాలాసార్లు ముత్యంలాగే ఉంటుంది. ఈ పాఠం నేనే నర్సులకు బల్ల గుద్ది చెప్పేదాన్ని. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట.

ఇక ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చింది. వాడి ఆ నిదానపు నడకను పెద్దరికపు నడక అనుకున్నాను. మూడు మూరల వెడల్పున ముడేసే లుంగీ, ఎప్పుడూ స్తంభానికి జారబడి కాస్త పక్కకు ఒరిగి కూర్చోవడం. ఊరంతటికీ తెలుసు. పిల్లలకు తెలుసు. నవ్వులు అందుకే ఆగేవి. అక్క చెవిన పడకూడదని. ఆ జబ్బు మీదే బతుకు ధారపోసిన నాకు ఒక్కదానికే తెలియదు. నాకు చెప్పగలిగినవాళ్ళు ఈ లోకంలో లేరు.

అన్నిటికంటే కొండ చుట్టూ దారి నన్ను కోసేసింది. ఆ బరువుతో, పొద్దునా సాయంత్రం, నా మోకాలి పరువు కోసం. యాభైమంది పట్టే ఆ ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని ఏడ్చాను. గోడలు లేని ఇల్లు కదా, సముద్రం వైపు తిరిగి ఏడ్చాను.

మర్నాడు దోమలగొట్టాలు కడుగుతున్న పెనియామినాను అడిగాను.

"కొండ చుట్టూ ఎంతసేపు పడుతుంది?"

"నడవగలిగినవాడికి ఎంతండీ, ఇట్టే."

"నడవలేనివాడికి?"

అతను గొట్టం కింద పెట్టాడు. "నన్నడగొద్దు డాక్టరమ్మా. మీకు దండం పెడతాను. నా నోట ఊడిపడిందంటే ఈ ఊళ్ళో నా ఎముకలు కూడా మిగలవు."

"నేనేం అడగలేదు. నువ్వేం చెప్పలేదు. రేపటి పడవకు నువ్వు ఆపియా వెళ్ళు. మగవాళ్ళ వార్డులో సర్జనుకి చెప్పు: ఒక పెద్దమనిషి నా గాజుపలకల పెట్టె మోసుకొస్తాడు. ఆయన్ని చక్కగా చూడమను. నేనెవరో ఆయనెవరో లెక్కలు కట్టొద్దను."

"మరి ఆయన వస్తారాండీ?"

అదే నాకూ తెలియదు. కోత కోసి నీరు తీసేస్తే మనిషి మామూలుగా నడుస్తాడు. ఆ తర్వాత ఆసుపత్రి మంచం మీదే మందు పడితే, జ్వరం వచ్చినా ఊరికి వినబడదు. వైద్యం తేలిక. కానీ అక్కకు తెలిసిపోయిందని వాడికి అనుమానం తగిలితే? సిగ్గుతో కొండెక్కి మళ్ళీ దిగని మగవాళ్ళ కథలు మా దీవిలో తక్కువేం కాదు. నాకు తమ్ముడు కావాలి. వాడు బాగుపడాలి, నాకేమీ తెలియకుండానే బాగుపడాలి.

ఆదివారం ప్రార్థన అయ్యాక వాడి ఇంటి చివరి స్తంభం దగ్గర కూర్చున్నాను. వాడు అటు చివర కొబ్బరి పీచు తాడు పేనుతున్నాడు. మా మధ్య ఇల్లంతా ఉంది. వావోసా తల వంచుకుని గబగబా బయటికెళ్ళిపోయింది.

"గాజుపలకల పెట్టె ఆపియా ఆసుపత్రికి చేర్చాలి," అన్నాను సముద్రం వైపు చూస్తూ. "పగిలితే ఈ కాలమంతా పడ్డ పాటు నేలపాలు."

"అలాగే అక్కయ్యగారూ. కుర్రాళ్ళను పంపిస్తాను."

"కుర్రాళ్ళ చేతికి ఇవ్వను. నువ్వు మోసుకురావాలి."

పేనుతున్న చేయి నెమ్మదించింది. "ఎవరికి అప్పజెప్పాలి?"

"సర్జనుకి. మగవాళ్ళ వార్డులో ఉంటాడు. అక్కడ నాకేం పని లేదు. నేను పిన్నమ్మ ఇంట్లో ఉంటాను."

చేయి ఆగిపోయింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వాడు నావైపు చూస్తున్నాడని తెలుస్తోంది. నేను మాత్రం ఒక పడవను చూస్తూ కూర్చున్నాను. అక్కడ పడవేమీ లేదు.

"ఎన్నాళ్ళ పని?" అన్నాడు చివరికి.

"సర్జను చాలు అనేదాకా. ఆ పెట్టె సంగతులు ఆయనకే తెలియాలి. నాకేం తెలుసు?"

పాతికేళ్ళు చదివింది ఆ పెట్టెలోదే. తెలియదన్నాను.

తాడు మళ్ళీ కదిలింది. "మీరు అడిగితే కాదంటానా అక్కయ్యగారూ," అన్నాడు. అర్థమై అన్నాడో, ఒడంబడికకు కట్టుబడి అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

పడవలో వాడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆసుపత్రి గేటు దగ్గర నేను ఆగిపోయాను. వాడు ఆ నిదానపు నడకతో లోపలికి వెళ్ళాడు.

నేను రోజూ వెళ్ళి గేటుకు ఎదురుగా కోకో కాచి అమ్మే ఆవిడ బల్ల మీద కూర్చునేదాన్ని. ఏళ్ళ తరబడి నేను పనిచేసిన ఆసుపత్రి అది. కాపలావాడు నవ్వుతూ, "లోపలికి రండి డాక్టరమ్మా, మీకు అడ్డేమిటి?" అనేవాడు. ఏమని చెప్పను? "ఊరికే, కోకో తాగడానికి," అనేదాన్ని. నా చేత్తో వందలమంది నాడి చూసిన చోట, నా సొంతవాడి మంచం ఏ పక్కనుందో కూడా అడగలేకపోయాను. సాయంత్రం పెనియామినా బయటికొచ్చేవాడు.

"పెట్టె క్షేమమండీ." మర్నాడు: "పెట్టె తెరిచి మూశారు. బాగానే ఉంది." ఆ పైవారం మందు మొదలెట్టాక: "నిన్న పెట్టెకు కాస్త జ్వరమొచ్చిందండీ. భయం లేదు, సర్జను పక్కనే ఉన్నాడు."

ఎంత జ్వరమని అడగబోయి నాలుక కరుచుకున్నాను. పెట్టెకు జ్వరం ఎంతని ఎవరైనా అడుగుతారా? కోకో ఆవిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

వానలు వెనకపడుతున్న రోజుల్లో, వాడు కోలుకున్నాక, సోలోవైకి తిరిగొచ్చాం. ఆ శుక్రవారమే సభ పిలిచారు. నేను దూరంగా సీఉలా ముసలమ్మ ఇంటి అరుగు మీదనుంచి చూశాను. ఆవా చిప్ప ముందు వాడికే వెళ్ళింది. దాని వెనకే పెనియామినా మాత్రలు పట్టుకెళ్ళాడు. వాడు అరచేతిలో పోయించుకుని, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని, చిప్ప ఎత్తి తాగేశాడు. తర్వాత రెండో పీట, మూడో పీట. పొద్దు వాలేసరికి ఊళ్ళో మాత్ర మింగని మగవాడు మిగల్లేదు. మర్నాడు కొందరు జ్వరపడ్డారు. వాడు మాత్రం పొద్దున్నే లేచి చర్చి పైకప్పెక్కాడు.

"చూశావా అమ్మాయీ, నీ మాటే నిజమైంది," అంది సీఉలా ముసలమ్మ. "రక్తం ముత్యమే." అని తన చాప వైపు తిరిగిపోయింది.

సోమవారం దోమలకు కూర్చోవడానికి వెళ్తే దారికి కొత్త కొబ్బరాకులు కట్టి ఉన్నాయి. ఇంకా తడి ఆరని ముడులు. వాడు ఇంకా కొండ చుట్టూరానే వెళ్తున్నాడు. దారి తెరిచెయ్యరా అనాలనిపించింది. ఎందుకని అడిగితే ఏం చెప్పను?

చాపలు నేసే ఇంట్లో నేను వెళ్తే నవ్వులు అలాగే ఆగిపోయేవి. తెలిశాక ఆ నిశ్శబ్దం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, పైగా నేను కూడా దాన్ని కాపాడాల్సి వచ్చింది.

పని ముగిసింది. తర్వాతి ఊరికి ప్రయాణం. ముందురోజు, సాయంత్రం ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు, సామాను సర్దుతూ తలెత్తి చూస్తే తిండి పళ్ళెం వస్తోంది. మోసుకొస్తున్నది వావోసా కాదు, మా తమ్ముడు. మతాయి, ఊరి నడిబొడ్డున, అందరూ చూస్తుండగా, వంటింటి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, చిన్నప్పుడు దిబ్బల మీద నడిచినట్టు బారలు బారలుగా అడుగులేసుకుంటూ వస్తున్నాడు. వెనక వావోసా విసనకర్రతో మొహం దాచుకుని.

పళ్ళెం నా ముందు దించాడు. నావైపు చూడలేదు. ఇంటి అటు చివరకు వెళ్ళి, స్తంభానికి ఆనకుండా, బాసింపట్టు వేసుకుని, నాకు వీపు పెట్టి సముద్రం వైపు కూర్చున్నాడు. వావోసా ఒక అరటాకు వాడి ముందు వేసి, వాడి వాటా వడ్డించి వెళ్ళిపోయింది.

ఒక కప్పు కింద ఇద్దరం తిన్నాం. అమ్మ మా చాపలు విడదీశాక అదే మొదటిసారి. కాల్చిన చేప, సీమపనస. వాడు నములుతుంటే వీపు మీద కండరాలు కదలడం చూస్తూ కూర్చున్నాను. 

"ముళ్ళు చూసుకుని తినవే అక్కా," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"చూసుకునే తింటున్నానురా," అన్నాను.

ఆ తర్వాత వాడు ఇరవయ్యేళ్ళు బతికాడు. మేమిద్దరం అంతకు మించి మాట్లాడుకోలేదు.